మేక్ క్లీన్ కొట్టావా?

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో రోజుకి ఒక్కసారైనా వినపడే ప్రశ్న ఇది. ప్రోగ్రామ్ ఏదో వింతగా ప్రవర్తిస్తోందని సీనియర్ దగ్గరికి వెళ్ళండి, ఆయన మీ స్క్రీన్ వైపు కూడా చూడడు. "క్లీన్ కొట్టి మళ్ళీ బిల్డ్ చెయ్యి బాబూ" అంటాడు. జ్వరమొచ్చిందంటే ముందు పారాసిటమాల్ వేసుకోమన్నట్టు. విచిత్రమేంటంటే చాలాసార్లు తగ్గిపోతుంది కూడా. ఎందుకు తగ్గిందో ఆయన చెప్పడు, మనమూ అడగం.

ఈ ప్రశ్న వెనకాల యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. ఫలానా ఫైలు మారితే ఇంకే ఫైళ్ళని మళ్ళీ కంపైల్ చెయ్యాలి అనే జాబితాని మనిషి రాయాలా, యంత్రం రాయాలా, యంత్రమైతే ఎప్పుడు రాయాలి? అంతే, చరిత్రంతా ఈ గొడవే. దీన్ని మనకి ఏ సెమిస్టర్‌లోనూ చెప్పరు. అందుకే ఈ టపా.

ముందు జబ్బేంటో చూద్దాం. ఒక చిన్న బ్యాంకు ప్రోగ్రామ్ అనుకోండి. 'ఖాతా' అనే హెడర్ ఫైల్లో ఒక స్ట్రక్చర్ ఉంది: మొదట ఖాతా నంబరు, తర్వాత బ్యాలెన్స్. దాన్ని 'వడ్డీ', 'రసీదు' అనే రెండు సి ఫైళ్ళు ఇంక్లూడ్ చేసుకున్నాయి. ఓ రోజు ఎవరో నంబరుకీ బ్యాలెన్స్‌కీ మధ్యలో బ్రాంచి కోడ్ ఇరికించారు. వడ్డీ ఫైలు మళ్ళీ కంపైలైంది, రసీదు ఫైలు కాలేదు. రసీదు తాలూకు పాత ఆబ్జెక్ట్ ఫైల్లో "బ్యాలెన్స్ అంటే నంబరు పక్కనున్నది" అనే మెషిన్ కోడ్ అలాగే ఉండిపోయింది. ఇప్పుడా పక్కనున్నది బ్రాంచి కోడ్. రసీదు మీద అదే బ్యాలెన్స్‌గా అచ్చవుతుంది.

కంపైలర్ కిక్కురుమనదు, ఎందుకంటే రసీదు ఫైలుని దానికి మనం చూపించనేలేదు. లింకర్‌కి పేర్లు తప్ప లోపలి అమరిక తెలీదు. సోర్స్ కోడ్‌ని వందసార్లు చదివినా తప్పు కనపడదు, ఎందుకంటే సోర్స్‌లో తప్పు లేదు. నడుస్తున్నది మీరు చదువుతున్న ప్రోగ్రామ్ కాదు, అంతే. క్లీన్ కొడితే పోయేది ఈ రోగమే.

విజయవాడ వాళ్ళకైతే కాలువల లెక్కలో చెప్పొచ్చు. ఊరి మధ్యలోంచి ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ పోతుంటాయి. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగి, దాని బదులు 1957కల్లా ప్రకాశం బ్యారేజీ వచ్చినా ఏర్పాటు మాత్రం ఒకటే: పైన గేటు దగ్గర ఏం మారినా కింద శివారు భూముల దాకా ఎవరో ఒకరికి తగులుతుంది. ఎవరికి తగులుతుందో రిజిస్టర్‌లో రాసుంటుంది. కానీ రిజిస్టర్ రాశాక మధ్యలో ఎవరో గట్టు కోసి ఓ తూము పెట్టుకుంటారు, ఇంకెవరో బోదె మళ్ళిస్తారు. రిజిస్టర్‌కి ఆ సంగతి తెలీదు. కాలువ గట్టు మీద రోజూ తిరిగే లస్కరుకి తెలుసు. మన కథలో రిజిస్టర్ మేక్‌ఫైల్, లస్కరు కంపైలర్. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇక అసలు కథకొస్తే, అది 1976లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో మొదలైంది. అక్కడ స్టీవ్ జాన్సన్ అనే ఆయన, యాక్ రాసిన మహానుభావుడు (కంపైలర్స్ సబ్జెక్టులో మనల్ని ఏడిపించిన యాక్ అదే), ఓ రోజు తిట్టుకుంటూ స్టువర్ట్ ఫెల్డ్‌మన్ గదిలోకి వచ్చాడు. పొద్దుటంతా కూచుని ఓ ప్రోగ్రామ్‌ని డీబగ్ చేశాడట. తీరా చూస్తే ఆ బగ్ ఎప్పుడో సరిచేసేశాడు, కంపైలే చెయ్యలేదు. ముందురోజు సాయంత్రం ఫెల్డ్‌మన్ కూడా సరిగ్గా ఇదే తలనొప్పితో వేగి ఉన్నాడు. దాంతో ఓ వారాంతంలో కూచుని మేక్ మొదలుపెట్టేశాడు. పంక్తి మొదట్లో ట్యాబ్ ఉండాలన్న దిక్కుమాలిన నియమం కూడా అప్పటిదే. అది తప్పని ఆయనకి త్వరలోనే తెలిసింది. కానీ అప్పటికే ఓ డజను మంది వాడుతున్నారు, వాళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకని వదిలేశాడు. ఆ డజను మంది మొహమాటానికి మనం ఇప్పటికీ ట్యాబ్ కొడుతున్నాం. 2003లో ఆయనకి మేక్ రాసినందుకు ఏసీఎం సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు ఇచ్చారు.

మేక్ చేసే పని చాలా చిన్నది. ఇది దాని మీద ఆధారపడుతుంది అని మీరు రాసిస్తే, రెండు ఫైళ్ళ టైముల్నీ పోల్చి, పాతబడినదాన్ని మాత్రం మళ్ళీ తయారుచేస్తుంది. మేక్‌కి సి భాష రాదు, ఇంక్లూడ్ అంటే ఏంటో అసలు తెలీదు. మీరు రాసిందే వేదం. మరి రాసేవాడు మర్చిపోతే?

మర్చిపోతాడు. అదే కదా మనిషి లక్షణం. ఒక హెడర్ ఇంకో హెడర్‌ని ఇంక్లూడ్ చేస్తుంది, అది మరోదాన్ని. రాసినరోజు సరిగ్గా ఉన్న జాబితా ఆర్నెల్లు తిరిగేసరికి తప్పులతడక. పైగా ఈ తప్పులో మోసం ఉంది. అక్కర్లేని పేరు జాబితాలో ఎక్కువుంటే ఓ నిముషం వృథా, అంతే. కావలసిన పేరు తక్కువైతే మాత్రం ఏ ఎర్రరూ రాదు, బిల్డ్ ఇంకా తొందరగా అయిపోతుంది, మనకి సంతోషం కూడా వేస్తుంది!

అందుకని 1980ల్లో జనం ఆ జాబితాని యంత్రం చేత రాయించడం మొదలుపెట్టారు. మొదట్లో గ్రెప్‌తోనూ సెడ్‌తోనూ ఇంక్లూడ్ పంక్తుల్ని ఏరి మేక్‌ఫైల్ అడుగున అతికించేవారు. 1984లో కిమ్ వాల్డెన్ అనే ఆయన మేక్ డిపెండెన్సీలని ఆటోమేటిక్‌గా పుట్టించడం మీదే ఒక పేపర్ వేశాడు, అదీ ఫెల్డ్‌మన్ 1979లో మేక్ గురించి రాసిన జర్నల్లోనే. తర్వాత ఎంఐటీలో ప్రాజెక్ట్ ఎథీనా రోజుల్లో, ఎక్స్ విండో సిస్టమ్ కోసం టాడ్ బ్రున్‌హాఫ్ 'మేక్‌డిపెండ్' రాశాడు. పాత యూనిక్స్ ప్రోగ్రామ్‌ల మేక్‌ఫైళ్ళు తెరిచి చూస్తే చివర్లో "ఈ పంక్తి తీసెయ్యకండి, మేక్ డిపెండ్‌కి ఇది కావాలి" అన్న అర్థంతో ఓ కామెంటూ, దాని కింద పేజీల కొద్దీ హెడర్ల పేర్లూ కనపడతాయి. అది ఈ మేక్‌డిపెండ్ వదిలిన జాడే.

బాగానే ఉంది కానీ రెండు లొసుగులు. ఒకటి, మేక్‌డిపెండ్ కంపైలర్ కాదు. ఇఫ్‌డెఫ్‌లనీ మ్యాక్రోలనీ తనకి తోచినట్టు అర్థం చేసుకుంటుంది, నిజం కంపైలర్ ఇంకోలా అర్థం చేసుకోవచ్చు. రెండోది అసలైనది: "మేక్ డిపెండ్" అని కొట్టాలని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. జాబితా రాయడం మర్చిపోయే మనిషి జాబితా రాయించడం మాత్రం మర్చిపోడా?

మొదటి లొసుగుకి జవాబు కంపైలర్ దగ్గరే ఉంది. ఏ ఫైళ్ళు తెరిచిందో దానికన్నా ఎవరికి బాగా తెలుసు? గట్టు మీద తిరిగేది అదే కదా. బీఎస్‌డీ యూనిక్స్ సి కంపైలరూ, ఆ తర్వాత జీసీసీ, 'మైనస్ ఎం' అని ఇస్తే చాలు, తాము చదివే హెడర్ల జాబితాని మేక్‌కి అర్థమయ్యే రూపంలో అచ్చేసి ఇచ్చేవి.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. మన రాష్ట్రంలో శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా ఇంజినీరింగ్ చదివిన వాళ్ళలో టర్బో సి నీలం తెర చూడనివాళ్ళు తక్కువ. ఏలూరు రోడ్డులో 'లెట్ అస్ సి' కొనుక్కోవడం, ల్యాబ్‌లో ఆ నీలం తెర ముందు కూచోవడం, మా బ్యాచ్ దాకా ఇదే వరస. మాకైతే 64 బిట్ విండోస్ మీద అది నేరుగా నడవక డాస్‌బాక్స్‌లో పెట్టి నడిపించారు. సదరు టర్బో సి 2.0లో ప్రాజెక్ట్ అనే మెనూ ఒకటుంటుంది. అందులో 'ఆటో డిపెండెన్సీస్', పక్కన ఆన్ లేదా ఆఫ్. మీలో ఎంతమంది దాన్ని నొక్కి చూశారు? :-)

అదేం చేస్తుందో వింటే నాలాగే మీరూ ముక్కున వేలేసుకుంటారు. టర్బో సి ప్రతి ఆబ్జెక్ట్ ఫైల్లోనూ, అడిగినా అడక్కపోయినా, తాను ఇంక్లూడ్ చేసిన ఫైళ్ళ పేర్లనీ వాటి తేదీ, టైములనీ కామెంట్ రికార్డుల రూపంలో దాచిపెడుతుంది. ఆ మెనూ ఆన్ చేస్తే, బిల్డ్ చేసేటప్పుడు పాత ఆబ్జెక్ట్ ఫైలుని తెరిచి, అందులోని జాబితా చూసి, వాటిల్లో ఏదైనా మారితే ఆ ఒక్క ఫైలునే మళ్ళీ కంపైల్ చేస్తుంది. విడిగా జాబితా ఫైలు లేదు, విడిగా కొట్టాల్సిన కమాండు లేదు. ఇది 1980ల చివరి మాట. యూనిక్స్ లోకం ఇంకా "మేక్ డిపెండ్ కొట్టావా" అని ఒకరినొకరు అడుగుతున్న రోజులు. బోర్లాండ్ వాళ్ళ మేక్ కమాండుకి కూడా ఇందుకు 'మైనస్ ఎ' అని ఒక ఆప్షన్ ఉండేది.

అంత మంచి వసతి కళ్ళ ముందున్నా మనకెందుకు తెలీలేదంటే, మన ల్యాబ్ ప్రోగ్రామ్‌లన్నీ ఒకే ఫైలు. ఫిబొనాచీ ఒక ఫైలు, మాట్రిక్స్ మల్టిప్లికేషన్ ఒక ఫైలు, లింక్డ్ లిస్ట్ ఒక ఫైలు. రికార్డులో రాయడం, సంతకం పెట్టించుకోవడం. రెండో ఫైలు ఉంటేగా ఒకటి మారితే రెండోది ఏమవుతుందన్న ప్రశ్న పుట్టేది. నాలుగేళ్ళు అలా చదివి హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగంలో చేరిన మొదటివారంలోనే వేల ఫైళ్ళ ప్రాజెక్టు చేతికొస్తుంది. అప్పుడు సీనియర్ చెప్పే 'క్లీన్ కొట్టు' తప్ప ఇంకో మంత్రం తెలీదు. నేను పనిచేసిన ఒకచోట క్లీన్ బిల్డ్ నలభై నిముషాలు పట్టేది. రోజుకి నాలుగైదుసార్లు. టీమంతా క్యాంటీన్‌లోనే కాపురం. ఆ మేక్‌ఫైల్లో ఒక్క హెడర్ పేరు కూడా లేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు, అదో పద్ధతి అనుకున్నారు.

సరే, మళ్ళీ యూనిక్స్ వైపు. రెండో లొసుగు, అంటే ఎవరో గుర్తుపెట్టుకుని కొట్టాల్సి రావడం, దాన్ని జీఎన్‌యూ మేక్ సగం తీర్చింది. ప్రతి సి ఫైలుకీ ఓ చిన్న డిపెండెన్సీ ఫైలు పెట్టి, మేక్ మొదలవ్వగానే అవి పాతవైతే ముందు వాటిని తయారుచేసుకుని, తర్వాత అసలు పనిలోకి దిగడం. ఆటోమేటిక్కే, కానీ భలే నెమ్మది. ప్రతి ఫైలునీ రెండుసార్లు చదవాలి, ఒకసారి జాబితా కోసం, ఇంకోసారి కంపైల్ కోసం. పైగా ఏదైనా హెడర్‌ని డిలీట్ చేస్తే పాత జాబితా ఇంకా దాన్నే అడుగుతూ "ఈ ఫైలు ఎలా తయారుచెయ్యాలో నాకు తెలీదు" అని బిల్డ్ ఆగిపోయేది.

దీన్ని విప్పినవాడు టామ్ ట్రోమీ, ఆటోమేక్ రాసేటప్పుడు. తర్వాత జీఎన్‌యూ మేక్‌ని చూసుకునే పాల్ స్మిత్ ఆ కిటుకుని అందరికీ అర్థమయ్యేలా రాసిపెట్టాడు. నాకీ మొత్తం చరిత్రలో బాగా నచ్చిన ఆలోచన ఇదే, కాస్త నిదానంగా చెబుతాను.

జాబితా మనకి ఎందుకు కావాలి? ఈ ఫైలుని మళ్ళీ కంపైల్ చెయ్యాలా వద్దా అని తేల్చుకోడానికి. మరి మొట్టమొదటిసారి? ఆబ్జెక్ట్ ఫైలే లేదు కాబట్టి ఎలాగూ కంపైల్ చెయ్యాల్సిందే, జాబితాతో పనే లేదు. రెండోసారి? మొదటిసారి కంపైల్ చేసినప్పుడు కంపైలర్ ఏ ఫైళ్ళు తెరిచిందో అవి మారాయా లేదా అని చూస్తే చాలు. వాటిల్లో ఏదీ మారకపోతే జాబితా కూడా మారదు, ఎందుకంటే కొత్త ఇంక్లూడ్ చేర్చాలన్నా వాటిల్లోనే ఒకదాన్ని ముట్టుకోవాలి కదా! అంటే జాబితాని ముందుగా తయారుచెయ్యక్కర్లేదు. కంపైల్ చేస్తూ చేస్తూ పక్కన రాసిపెట్టి, వచ్చేసారి వాడుకుంటే సరిపోతుంది. నిన్నటి జాబితా ఇవాళ్టికి చాలు. జీసీసీలో 'మైనస్ ఎంఎండీ' అనేది ఇదే. దాని పక్కన 'మైనస్ ఎంపీ' అని పెడితే డిలీట్ అయిన హెడర్ల పేచీ కూడా తీరిపోతుంది. మేక్‌ఫైల్లో రెండు పంక్తులు. పైన చెప్పిన నలభై నిముషాల చోట కూడా కావలసింది అంతే.

లినక్స్ కెర్నల్ కూడా ఇదే దారిలో నడిచింది. 2001లో వచ్చిన 2.4 కెర్నల్‌ని కంపైల్ చెయ్యాలంటే మధ్యలో 'మేక్ డెప్' కొట్టాలని పాత హౌటూలన్నిట్లో ఉంటుంది. 2003 డిసెంబరులో 2.6 వచ్చేసరికి ఆ మెట్టు మాయమైంది. కెర్నల్‌కి ఇంకో చిక్కుంది: వేల కాన్ఫిగరేషన్ ఆప్షన్‌లన్నీ ఒకే హెడర్‌లో ఉంటాయి, దాన్ని అన్ని ఫైళ్ళూ ఇంక్లూడ్ చేసుకుంటాయి. అంటే ఒక్క ఆప్షన్ మారిస్తే మొత్తం కెర్నల్ మళ్ళీ కంపైల్ కావాలి. 2002లో కై గెర్మషెవ్‌స్కీ రాసిన 'ఫిక్స్‌డెప్' అనే చిన్న ప్రోగ్రామ్, కంపైలర్ ఇచ్చిన జాబితాలోంచి ఆ పెద్ద హెడర్ పేరు కొట్టేసి, సదరు సి ఫైల్లోనూ దాని హెడర్లలోనూ ఏయే ఆప్షన్‌ల పేర్లు నిజంగా కనపడుతున్నాయో వెతికి, ఒక్కో ఆప్షన్‌కి ఒక్కో ఖాళీ ఫైలు పెట్టి ఆ పేర్లు రాస్తుంది. మీరు బ్లూటూత్ ఆప్షన్ మారిస్తే దాని మాట ఎత్తని ఫైళ్ళు కదలవు. లస్కరు చెప్పింది కూడా దిద్దడం అన్నమాట.

అయినా కంపైలర్ జాబితాలో ఒక కన్నం ఉంది, అది ఎవరూ త్వరగా పట్టుకోలేరు. హెడర్ కోసం కంపైలర్ రెండు డైరెక్టరీల్లో వెతుకుతుందనుకోండి. మొదటిదాంట్లో లేదు, రెండోదాంట్లో దొరికింది. జాబితాలో దొరికినదాని పేరే ఉంటుంది. రేపెవరైనా మొదటి డైరెక్టరీలో అదే పేరుతో కొత్త ఫైలు పెడితే? పాతది మారలేదు కాబట్టి మేక్ నిద్ర లేవదు. నిజానికి మన ఆబ్జెక్ట్ ఫైలు ఒక ఫైలు 'లేకపోవడం' మీద కూడా ఆధారపడి ఉంది. డి. జె. బెర్న్‌స్టీన్ అనే గణితవేత్త తన 'రీడూ' అనే డిజైన్లో ఈ లేకపోవడాన్ని కూడా రాసుకునే ఏర్పాటు ఆలోచించాడు. మేక్‌లో మాత్రం అలాంటిదేమీ లేదు.

ఇంకో దారి, ఎవరినీ అడక్కుండా ఫైల్ సిస్టమ్ దగ్గరే కాపలా కాయడం. 1992లో వచ్చిన క్లియర్‌కేస్ ఇలాగే చేసేది. బిల్డ్ జరుగుతుండగా ఏ ఫైలు ఎవరు తెరిచారో తన ఫైల్ సిస్టమ్‌లోనే నమోదు చేసుకునేది. 2000ల్లో సర్వీస్ కంపెనీల్లో పనిచేసిన అన్నలకీ అక్కలకీ క్లియర్‌కేస్ అంటే దాని నత్తనడకే గుర్తుంటుంది గానీ, ఈ విషయంలో అది చాలామందికన్నా ముందుంది.

"మేం జావా వాళ్ళం, మాకీ గోల లేదు" అనుకునేవాళ్ళకి ఒక మాట. జావాలో స్టాటిక్ ఫైనల్ స్థిరాంకాన్ని ఇంకో క్లాసు వాడితే, కంపైలర్ ఆ విలువనే అక్కడ అచ్చుగుద్దేస్తుంది. క్లాస్ ఫైల్లో అది ఎక్కడినుంచి వచ్చిందో జాడ ఉండదు. పన్ను శాతం మార్చి ఆ ఒక్క ఫైలే కంపైల్ చేస్తే మిగతా క్లాసులు పాత శాతమే వసూలు చేస్తాయి. డిపెండెన్సీలు చూడ్డానికి యాంట్‌లో ఉన్న టాస్కు కూడా దీన్ని పట్టుకోలేదని దాని మాన్యువల్లోనే ఒప్పుకున్నారు.

ఇదంతా ఎంత ఖరీదైన సంగతో తెలియాలంటే గూగుల్ లెక్క చూడాలి. 2007లో వాళ్ళ ఒక సి++ ప్రోగ్రామ్‌ని కొలిచారట: సుమారు రెండువేల ఫైళ్ళు, మొత్తం 4.2 మెగాబైట్లు. ఇంక్లూడ్‌లన్నీ విప్పాక కంపైలర్ నోట్లోకి వెళ్ళింది 8 గిగాబైట్లకి పైగా! ఈ లెక్క రాబ్ పైక్ 2012లో గో భాష గురించి చెప్పినప్పుడు బయటపెట్టాడు. గోలో వాడని ఇంపోర్టు ఉంటే కంపైలే అవ్వదు, ఆ కఠినత్వానికి కారణం ఇదే. గూగుల్ వాళ్ళే 2015లో బయటికిచ్చిన బేజెల్ ఇంకో తమాషా చేసింది. జాబితా మళ్ళీ మనిషే రాయాలంది, కానీ రాయనిదాన్ని కంపైలర్ ముట్టుకుంటే బిల్డ్ ఆపేస్తానంది. నాకైతే ఇది పోలీసు పద్ధతిలా అనిపిస్తుంది, అయినా మర్చిపోతే ఎర్రర్ వస్తుంది కాబట్టి పాత మేక్‌ఫైల్ కన్నా వెయ్యి రెట్లు నయం.

మీ ప్రాజెక్టు సంగతి తెలుసుకోవాలంటే పెద్ద పరిశోధన అక్కర్లేదు. పూర్తిగా బిల్డ్ చేసి, లోపలెక్కడో ఉన్న ఒక హెడర్‌ని టచ్ కొట్టి, మళ్ళీ బిల్డ్ చెయ్యండి. ఏమీ కంపైల్ అవ్వకపోతే మీ సీనియర్ మంత్రం వెనకున్న రహస్యం అదే. అన్నీ కంపైల్ అయితే అది ఇంకో జబ్బు.

ట్రోమీ కిటుకుతో కథ కంచికి వెళ్ళిందనుకున్నారు అందరూ. ఇంతలో సి++20 మాడ్యూల్స్ తెచ్చింది. మాడ్యూల్ అంటే హెడర్‌లా పక్కన పడి ఉండే ఫైలు కాదు, ముందు దాన్ని కంపైల్ చేస్తేనే వాడుకునేవాడు కంపైలవుతాడు. అంటే మొదటిసారే వరస తెలియాలి, నిన్నటి జాబితా ఇవాళ్టికి చాలదు. కాబట్టి కంపైల్‌కి ముందు అన్ని ఫైళ్ళనీ ఓసారి చదివి ఎవరికెవరు కావాలో రాసుకునే స్కానర్ మళ్ళీ వచ్చింది, మేక్‌డిపెండ్ మనవడిలా. కాకపోతే ఈసారి స్కాన్ చేసేది కంపైలర్ కుటుంబమే. 2023 డిసెంబరులో వచ్చిన సీమేక్ 3.28తో ఇది మామూలు జనం వాడే స్థితికి చేరింది.

ఫోర్ట్రాన్ వాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. వాళ్ళకి 1990 ప్రమాణం నుంచే మాడ్యూల్స్ ఉన్నాయి, అప్పట్నుంచీ ఇదే అవస్థ. నింజా అనే బిల్డ్ టూల్లో నడుస్తూ నడుస్తూ వరస కనుక్కునే సదుపాయం మొదట వచ్చింది కూడా ఫోర్ట్రాన్ కోసమే. అన్నట్టు, బెల్ ల్యాబ్స్‌లో మొదటి ఫోర్ట్రాన్ 77 కంపైలర్ రాసింది ఎవరనుకున్నారు? మేక్ రాసిన స్టువర్ట్ ఫెల్డ్‌మనే.